దొర వేషం మర్నాడు

ప్రశ్న:

అమ్మా, నాకు ఇరవై ఆరేళ్లు. మాది పూతలపట్టు దగ్గర పల్లె. తిరుపతిలో ఒక జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్తూ హాస్టల్లో ఉంటున్నాను. నాకు భయపెట్టే కథలంటే పిచ్చి. తలుపు కిర్రుమనడం, తెల్లచీర కనపడడం లాంటివి కాదు. చదివి మూసేశాక రెండు రోజులు అన్నం సయించకుండా చేసేవి, మనిషి లోపలి చీకటిని చూపించేవి. ఇంగ్లీషులో దొరికినవన్నీ చదివాను. చదివి చదివి నాకు కొన్ని గట్టి అభిప్రాయాలు ఏర్పడ్డాయి. దయ్యం ఎందుకొచ్చిందో చివర్లో విప్పి చెప్తే ఆ కథ అక్కడే చచ్చిపోతుంది. మన తెలుగులో ఇలాంటి సాహిత్యం లేదు, ఉన్నదల్లా నిమ్మకాయలూ పుర్రెలే. హాయిగా ఉండే కథలు చదివేవాళ్లు నిజాన్ని చూడలేక కళ్లు మూసుకున్నవాళ్లు. ఈ మాటలు స్టాఫ్ రూములో అన్నందుకు నాకు ‘దయ్యాల మేడమ్’ అని పేరు పెట్టారు.

అది పోనీ. రెండు నెలల కిందట ఎనిమిదో తరగతి చదివే మా తమ్ముడికి ఒక కథ ఇచ్చి చదవమన్నాను, ధైర్యం వస్తుందని. అప్పటినుంచి వాడు చీకటి పడితే దొడ్లోకి ఒంటరిగా పోడు, లైటు ఆర్పనివ్వడు. మా అమ్మ ఇద్దరికీ తాయెత్తులు కట్టించింది. ఇలాంటి పుస్తకాలు ఇంట్లో ఉంటే సంబంధాలు కూడా రావంటోంది. ఆమె ఎదురుగా కట్టుకున్నాను, తిరుపతి బస్సెక్కాక విప్పి బ్యాగులో వేసుకున్నాను. నాకేమైనా జబ్బా? చదవడం మానేయాలా? అమ్మకు ఏం చెప్పాలి?

(పేరు వద్దు, చిత్తూరు జిల్లా)

సమాధానం:

ముందు తాయెత్తు సంగతి. విప్పారు సరే, కిటికీలోంచి పారేయలేదు, బ్యాగులో వేసుకున్నారు. లెక్కలు చెప్పే మనిషి దాన్ని ఎందుకు దాచుకున్నట్టు? అమ్మ కట్టిందనా, ఎందుకైనా మంచిదనా? మీరు చెప్పలేదు, నేనూ అడగను. మీ అభిప్రాయాలన్నీ ఒక ఎత్తు, ఆ బ్యాగొక్కటీ ఒక ఎత్తు. మీకు నచ్చే రకం కథ అందులోనే ఉంది.

మీది జబ్బు కాదమ్మా. చంటిపిల్లను ఎగరేసి పట్టుకుంటే కెవ్వుమంటుంది, చేతుల్లో పడగానే మళ్లీ ఎగరెయ్యమని అడుగుతుంది. పడిపోతానన్న భయం, పట్టుకునే చేతులున్నాయన్న ధీమా, రెండూ కలిస్తేనే ఆ కేరింత. భయం కథలు చదవడంలో ఉన్న సుఖం ఇంచుమించు అదే. చదవని రోజుల్లో కూడా నిద్ర పట్టకపోయినా, ఊరికే గుండెదడ వస్తున్నా, పాఠం మీద మనసు నిలవకపోయినా అప్పుడు డాక్టరుకు చూపించుకోవాలి. మీ ఉత్తరం చూస్తే అలా అనిపించలేదు. హాస్టల్లో దుప్పటి ముసుగేసుకుని రాత్రి ఒంటిగంటకు ఫోన్లో చదివే అలవాటుంటే మాత్రం అది మానండి. ఆ టైములో చాకలిపద్దు చదివినా భయమే వేస్తుంది.

ఇక మీ అభిప్రాయాలు. మొదటిదానికి నా దగ్గర సాక్ష్యం ఉంది.

1980లలో మా నాయనకు తిరుపతిలో, గోవిందరాజస్వామి గుడి వెనక సందులో అద్దె పుస్తకాల అంగడి ఉండేది. రెండు చెక్క అలమరలు, ఒక స్టూలు, పద్దు పుస్తకం, అంతే అంగడి. పాత నవల రోజుకు పావలా, కొత్తదైతే అర్ధరూపాయి. అవి చేతబడి నవలల రోజులు. యండమూరి ‘తులసిదళం’ కోసం ముందుగా పేరు రాయించుకుని వారాల తరబడి ఎదురుచూసేవాళ్లు. పెద్దమనుషులు వాటిని క్షుద్ర సాహిత్యం అని తిడుతూ, అట్ట వేయించుకుని పట్టుకుపోయేవాళ్లు. అదే కోవలో వచ్చిన ఇంకో నవల, పేరు ఎందుకులెండి, చివరి ఎనిమిది పేజీలు ఎవరో మహానుభావుడు చింపుకుపోయాడు. ఆ సంగతి మాకు తెలిసేలోపు పుస్తకం ముగ్గురి చేతులు మారింది.

సైకిల్ షాపులో పనిచేసే అతను అంగడి మూసేవేళకు రొప్పుతూ వచ్చాడు. “అయ్యా, ఆ మంత్రగాడు చివరికి ఏమయ్యాడు?” నాయన ఆ పుస్తకం చదవలేదు. ఆయన చదివేది పోతన భాగవతం. అయినా అంగడి పరువు కాపాడుకోవాలి కదా. “వాడి మంత్రం వాడికే తగిలింది” అన్నాడు. మర్నాడు హోటల్లో సప్లయరు కుర్రాడు వస్తే “అసలు మంత్రమే లేదబ్బయ్యా, ఆస్తి కోసం బావమరిది ఆడిన నాటకం” అన్నాడు. మూడోవాడు యూనివర్సిటీ విద్యార్థి. అతనికి “దయ్యం ఇంకా ఆ ఇంట్లోనే ఉంది” అని చెప్పి పద్దు రాసుకోవడంలో పడ్డాడు. ఆదివారం ముగ్గురూ అంగడి ముందు కలిశారు. నాది నిజమంటే నాది నిజమని కాసేపు కొట్లాడుకున్నారు. సైకిల్ షాపతనికీ సప్లయరుకీ కథ తెగిపోయింది కాబట్టి టీ తాగడానికి పోయారు. యూనివర్సిటీ పిల్లాడు మాత్రం ఆ వారమంతా అంగడి చుట్టూ తిరిగాడు. “ఆ ఇల్లు తర్వాత ఎవరు కొన్నారండీ?” అని అడిగేవాడు. విజయవాడ నుంచి ఇంకో కాపీ తెప్పించాం. అందులో రచయిత రాసిన ముగింపు మా నాయన చెప్పిన మూడింటి కన్నా చప్పగా ఉంది.

అందుకని మొదటి అభిప్రాయం దగ్గర మీతో నాకు పేచీ లేదు. బేతాళ కథలు గుర్తు చేసుకోండి. విక్రమార్కుడు నోరు మెదపకుండా నడుస్తున్నంతసేపూ శవం భుజం మీద ఉంటుంది. జవాబు చెప్పాడో, మళ్లీ చెట్టెక్కుతుంది. విప్పి చెప్పిన కథల గతి అంతే. అయితే బేతాళుడు పెట్టే షరతు ఇంకొకటి కూడా ఉంది. తెలిసీ చెప్పకపోతే తల పగులుతుంది. మీరు మెచ్చుకునే కోవలో రాసేవాళ్లలో కొందరు, లోపల ఏం జరిగిందో తమకే తెలియక, చివరి పేజీ మీద పొగమంచు కప్పేసి వెళ్లిపోతుంటారు. అలాంటి కథ దగ్గర నాకు భయం వెయ్యదు. అద్దె డబ్బులు వెనక్కి అడగాలనిపిస్తుంది. రాసినవాడికి జవాబు తెలిసి ఉండాలి, తల పగిలిపోయేలా ఉన్నా నోరు కట్టుకుని నడవాలి. ఆ బరువు చదివేవాళ్లకు తెలుస్తుంది.

పైగా విప్పి చెప్పినా చావని కథలున్నాయి. అమెరికా రచయిత్రి షర్లీ జాక్సన్ ‘ది లాటరీ’ మీరు చదివే ఉంటారు. 1948 జూన్ 26 నాటి న్యూయార్కర్ పత్రికలో వచ్చింది. కథ జరిగేది జూన్ 27న, ఎండ కాస్తున్న పొద్దుటిపూట, ఊరి నడిమధ్య, అందరూ చూస్తుండగా. దయ్యం లేదు, చీకటి లేదు, దాపరికం లేదు. చివరికి వచ్చేసరికి, చీటీ పడ్డ మనిషిని ఊరంతా కలిసి రాళ్లతో కొట్టడం కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. అయినా ఇన్నేళ్లయినా ఆ కథ జనాన్ని వదల్లేదు. ఆ వేసవిలో ఆమెకు మూడు వందలకు పైగా ఉత్తరాలు వచ్చాయి. మంచిగా రాసినవి పదమూడేనని, అవీ ఎక్కువగా స్నేహితులవేనని తర్వాత ఆమే చెప్పుకుంది. ఆ లాటరీ ఏ ఊళ్లో తీస్తారు, వచ్చి చూడొచ్చా అని అడిగినవాళ్లు కూడా ఉన్నారు. నన్నడిగితే కథకన్నా ఆ ఉత్తరాలకే ఎక్కువ భయపడాలి. ఇంకో సంగతి. నీ కథ మాకేం నచ్చలేదమ్మా అని కన్నతల్లి కూడా చీవాట్లు పెట్టింది. మీ అమ్మగారొక్కరే కాదన్నమాట.

రెండో అభిప్రాయం దగ్గర నాకు కోపం వచ్చింది. తెలుగులో లేదన్నది వెతక్కుండా అన్న మాట. ఒక మర్రిచెట్టు. కింద ముగ్గురు. ఇద్దరు నిద్రపోతున్నారు, మూడోవాడికి నిద్ర పట్టలేదు. పైన కొమ్మల్లో కాకులు గూళ్లలో ముడుచుకుని పడుకున్నాయి. గుడ్లగూబ ఒకటి వచ్చి ఆ నిద్రపోతున్న కాకుల్ని చంపుతూ పోతోంది. కింద పడుకున్నవాడు అది చూస్తున్నాడు. చూసి చూసి, ఓహో ఇలా కూడా చేయొచ్చన్నమాట అనుకుని లేచాడు. లేచినవాడు అశ్వత్థామ. అక్కణ్ణించి నేరుగా నిద్రపోతున్న పాండవ శిబిరానికి పోయాడు. సౌప్తిక పర్వం. తిక్కన దీన్ని తెలుగు చేసి ఏడు వందల ఏళ్లు దాటింది. ఇందులో నిమ్మకాయ ఎక్కడుందమ్మా?

అంత వెనక్కి పోలేనంటారా, 1950ల నాటి రావిశాస్త్రి ‘అల్పజీవి’ ఉంది. సుబ్బయ్య అనే చిన్న గుమాస్తా, అతనికి అందరన్నా భయమే. దయ్యం ఊసే లేకుండా భయాన్ని హీరోని చేసిన నవల. అన్నిటికన్నా, తలపులపల్లెలో పుట్టిన మీ జిల్లా మనిషి డాక్టర్ కేశవరెడ్డి మీ కంటపడలేదంటే నమ్మలేకున్నాను. నిజామాబాదు జిల్లా డిచ్‌పల్లిలో కుష్ఠురోగులకు వైద్యం చేస్తూ నవలలు రాసినాయన. 2015లో పోయారు. ‘అతడు అడవిని జయించాడు’ పట్టుకోండి. పందుల్ని కాసే ముసలాయన ఒకడు, తప్పిపోయిన సూడిపందిని వెతుక్కుంటూ సాయంత్రం అడవిలోకి పోతాడు. తెల్లారేసరికి నవల అయిపోతుంది. చిన్న పుస్తకం, ఒకసారి కూర్చుంటే అయిపోతుంది. మీరు ఇంగ్లీషులో వెతుక్కుంటున్న చీకటి మీ ఇంటి వెనక గుట్టల్లోనే ఉందని తెలుస్తుంది. చదవడం ముగించాక అట్ట మీద పేరు మరోసారి చూడండి, ఎవరు ఎవర్ని జయించారో నాకైతే తేలలేదు. ‘మునెమ్మ’ ఆ తర్వాత. అది కాస్త గుండె దిటవు చేసుకుని చదవాలి.

మూడో అభిప్రాయం. హాయి కథలు చదివేవాళ్లు కళ్లు మూసుకున్నవాళ్లన్నారు. మా అంగడికి ఒక నర్సమ్మ వచ్చేది. పెద్దాసుపత్రిలో కాలిన కేసుల వార్డు, రాత్రి డ్యూటీ. పెళ్లితో ముగిసే నవల తప్ప ముట్టేది కాదు. ఒకసారి నాయన కొత్తగా వచ్చిన దయ్యం నవల చూపిస్తే, “అన్నా, తెల్లారి మూడింటికి నేను చూసేది నీవు ఒక్క రోజు చూడు, ఈ పుస్తకాలన్నీ తూకానికి అమ్మేస్తావు” అంది. ఆ తర్వాత ఆమె వస్తే నాయన ముందు చివరి పేజీ తిప్పి, పెళ్లి జరిగిందని తేల్చుకుని, అప్పుడిచ్చేవాడు. ఆ మనిషిని పట్టుకుని నిజం చూడలేనిదని మీరు అనగలరా? మీ స్టాఫ్ రూములో హాయి కథలు చదివే ఆమె ఇంట్లో ఏముందో మనకేం తెలుసు? ‘దయ్యాల మేడమ్’ పేరు మాత్రం బాగుంది, ఉంచుకోండి. లెక్కల టీచర్లకు పిల్లలు పెట్టే పేర్లు ఇంతకన్నా ఘోరంగా ఉంటాయి.

హారర్ వేరు, సాహిత్యం వేరు అనే పంచాయితీ మీద నాకు పెద్ద ఆసక్తి లేదు. మా అంగడిలో పుస్తకాలు సైజును బట్టి సర్దేవాళ్లం. కానీ భయం కథల్లో ఏది నిలుస్తుందో చూసుకోవడానికి నాకొక కొలత ఉంది. అది మా అవ్వ దగ్గర దొరికింది.

తిరుపతిలో ఉంటున్నారు కాబట్టి మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతర చూసే ఉంటారు. వారం రోజులు ఊరంతా వేషాలు. ఒళ్లంతా సుద్ద పూసుకున్న బైరాగులు ఒక రోజు. మర్నాడు బండ వేషం, ఒంటి నిండా కుంకుమ, నోటి నిండా బూతులు. తిట్లు తిన్నవాళ్లు నవ్వుకుంటూ పోతారు. ఆ మర్నాడు తోటి వేషం, బొగ్గు. నాకు ఏడేళ్లప్పుడు మా అన్నకు తోటి వేషం వేశారు. ముఖం, చేతులు, కాళ్లు అన్నీ నలుపు, చేతిలో వేపమండలు. వాడు నన్ను చూసి నవ్వాడు. ఆ నల్లటి ముఖంలో పళ్లు మాత్రం తెల్లగా కనిపించాయి. రోజూ నా పక్కన కూర్చుని సంగటి తినే అన్నే. అయినా నేను అవ్వ కొంగులో దూరాను, ఎంత పిలిచినా బయటికి రాలేదు. సాయంత్రం వాడు నీళ్లు పోసుకుని వచ్చాడు, చెవి వెనక కొంచెం బొగ్గు మిగిలిపోయింది. రెండు రోజులు ఆ చెవి వంకే చూస్తూ అన్నం తిన్నాను.

అప్పుడు అవ్వ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని కథంతా చెప్పింది. ఆడపిల్లల్ని చెరిచే పాలెగాడు, వాడి కన్ను గంగమ్మ మీద కూడా పడడం, ఆమె నిజరూపం చూసి వాడు పారిపోయి దాక్కోవడం, ఆమె రోజుకో వేషంలో వాణ్ణి వెతకడం, తిట్టడం, చివరికి దొర వేషంలో వచ్చి బయటికి రప్పించి చంపడం. కథ అయిపోయిందనుకుని లేచాను. “కూసో, ఇంకా ఉంది” అంది. దొర వేషం మర్నాడు మాతంగి వేషం. పాలెగాణ్ణి చంపిన గంగమ్మే మాతంగిగా వాడి పెళ్లాం దగ్గరికి పోయి ఆమెను ఓదారుస్తుంది. నాకు అర్థం కాలేదు. “చంపింది ఈమేనని ఆమెకు తెలుసా అవ్వా?” అని అడిగాను. అవ్వ తమలపాకు ఈనె తీసి, సున్నం రాసి, మడిచి నోట్లో పెట్టుకుంది. జవాబు మాత్రం చెప్పలేదు.

యాభై ఏళ్లు దాటింది. ఆ ప్రశ్న నాకు ఇంకా తెమల్లేదు.

అప్పటినుంచి ఏ భయం కథ చదివినా దొర వేషం మర్నాడు ఏముందని చూస్తాను. చాలా పుస్తకాలు తల తెగడంతో ఆగిపోతాయి. ఇంకా పెద్ద తల, ఇంకా ఎక్కువ నెత్తురు. అలాంటివి పది చదివితే పదకొండోది జోకులా ఉంటుంది. మా అంగడిలో అద్దెకు పోయిన వాటిలో తొంభై పాళ్లు అవే. అవి చదివినవాళ్లు చెడిపోలేదు, తర్వాత చక్కగా పిల్లల్ని పెంచుకున్నారు, కానీ ఒక్కరికీ కథ గుర్తులేదు. కొన్ని కథలు మాత్రం చచ్చినవాడి ఇంటి గడప దాకా మనల్ని నడిపిస్తాయి. ఆ ఇంట్లో దీపం ఎవరు పెట్టారు, కుండలో సంగటి ఎవరు తింటారు అని ఆలోచనలో పడేస్తాయి. కేశవరెడ్డి నవలలోని ముసలాయన వెంట ఒక రాత్రి తిరిగాక నాకు మిగిలింది భయం కాదు, ఆయన పక్కన కాసేపు కూర్చోవాలని. ‘ది లాటరీ’లో మాతంగి లేదు కదా అని మీరు అడగొచ్చు. చివర్లో ఎవరో, చీటీ పడ్డ ఆమె చిన్నకొడుకు చేతిలోనే గులకరాళ్లు పెడతారు, గుర్తుందా? ఆ రాళ్లు చూసి మీకు కడుపులో దేవింది కదా. కథలో లేని మాతంగి అక్కడ మీరే.

మీరు రెండు రోజులు అన్నం తినలేకపోయానని గొప్పగా రాశారు. అన్నం ఎందుకు సయించలేదో ఒక్కసారి చూసుకోండి. నెత్తుటి వల్లనా, ఆ ఇంట్లో మిగిలినవాళ్ల వల్లనా? మొదటిదైతే ఆ పుస్తకం పక్కన పడేయొచ్చు, సగంలో ఆపినా ఎవరూ ఫైను వేయరు. రెండోదైతే దాచుకోండి. ఇదీ నా కొలత. మీ కొలత వేరేగా ఉండొచ్చు. ఇంకో పదేళ్లు చదివితే మీకే దొరుకుతుంది. కాబట్టి చదవడం మానొద్దు.

ఇప్పుడు మీ తమ్ముడు. ఇక్కడ మీరు తప్పు చేశారు, మెత్తగా చెప్పడం నాకు రాదు. ధైర్యం వస్తుందని ఇచ్చానన్నారు. భయం కథ టీకా సూది కాదు, ఒకసారి పొడిచి పంపడానికి. మీరు పిల్లాణ్ణి ఎగరేశారు, పట్టుకోవడానికి అక్కడ లేరు. ఆదివారం కథ ఇచ్చి, సోమవారం తెల్లారుజామున తిరుపతి బస్సెక్కి ఉంటారు. తిరుపతిలో మీకు వీధి దీపాలు, హాస్టల్లో పక్క మంచం మీద మనిషి. వాడికి దొడ్డి, చింతచెట్టు, చీకటి.

ఈసారి ఊరికి పోయినప్పుడు పొద్దుగూకాక వాడు అడక్కముందే టార్చి తీసుకుని “నాకూ పోవాలిరా, తోడు రా” అనండి. వాడికి మీరు తోడు పోతున్నట్టు కాకుండా మీకు వాడు తోడు వస్తున్నట్టు. అక్కడేముందిరా అని వెక్కిరించకండి. మర్నాడు పగటిపూట, మామిడితోపులో తిరుగుతున్నప్పుడు, అక్కడ ఏముందనుకుంటున్నాడో వాణ్ణే చెప్పనివ్వండి. ఎంత ఎత్తుంది, ఎక్కడ పడుకుంటుంది, ఏం తింటుంది. మీరు లెక్కల టీచరు, కొలతలు అడగడం మీకు కొత్త కాదు. నోటితో కొలతలు చెప్పేసరికి చాలా దయ్యాలు వీధికుక్క సైజుకు వస్తాయి. లైటు కొన్నాళ్లు వెలగనివ్వండి, ఆ కరెంటు బిల్లు మీరు కట్టండి. “నీ వయసుకు తగని కథ ఇచ్చాను, తప్పు నాదే” అని వాడికి చెప్పండి. పిల్లలు తమకే ఏదో అయిందనుకుని నలిగిపోతుంటారు, ఆ ఒక్క మాటతో సగం బరువు దిగుతుంది. ఇప్పటికే రెండు నెలలయింది. ఇంకో నెలకు కూడా తగ్గకపోయినా, నిద్రలో ఉలిక్కిపడి ఏడుస్తున్నా, బడికి పోనని మొండికేసినా పిల్లల డాక్టరుకు చూపించండి. అందులో నామోషీ ఏమీ లేదు.

అమ్మకు ఏం చెప్పాలని అడిగారు. ఏమీ చెప్పకండి, అడగండి. మీకు మొట్టమొదటి భయం కథ చెప్పింది ఎవరు? పందెం కాస్తాను, మీ అమ్మే అయ్యుంటుంది. మన పల్లెల్లో కాటేరి అనే దయ్యం పేరు వినకుండా అన్నం తిన్న పిల్లలు తక్కువ. చింతచెట్టు కిందికి మిట్టమధ్యాహ్నం పోవద్దనీ, పిలుపు వినపడితే మూడోసారి దాకా పలకొద్దనీ చెప్పి ఉంటుంది. ఒక రాత్రి కరెంటు పోయినప్పుడు, వాకిట్లో మంచాలు వేసుకుని, “అమ్మా, అప్పుడు చెప్పేదానివే, అది మళ్లీ చెప్పు” అనండి. భయపడ్డ పిల్లాడి ముందు మళ్లీ దయ్యం కథా అని మీకు సందేహం రావొచ్చు. వాడు వద్దంటే వద్దు. ఊఁ అంటే మాత్రం వాణ్ణి మీ ఇద్దరి మధ్యన పడుకోబెట్టండి. ఆమె చెప్తున్నప్పుడు మధ్యలో అడ్డుపడి ఇది మూఢనమ్మకం అనకండి, మీ ఇంగ్లీషు రచయితలకు ఇచ్చే మర్యాద ఆమెకూ ఇవ్వండి. ఒక్కటి మాత్రం గమనించండి. కథ భయం దగ్గరికి వచ్చేటప్పటికి ఆమె చెయ్యి వాడి తల మీదికి పోతుంది. మీరు ఇచ్చిపోయిన కథకు లేనిది ఆ చెయ్యే.

ఆమె తాయెత్తు కట్టించింది పుస్తకాల మీద కోపంతో కాదనుకుంటాను. మీరు ఊళ్లో లేరు, పిల్లాడు రాత్రుళ్లు భయపడుతున్నాడు, ఏదో ఒకటి చేయాలి. ఆమెకు తెలిసింది ఆమె చేసింది. డాక్టరుకు చూపించాల్సి వస్తే తాయెత్తుతోనే చూపించండి. రెండిటికీ పోటీ పెట్టి ఆమెను ఓడించాల్సిన పని లేదు.

సంబంధాల గొడవ ఉంది కదా. చూడ్డానికి వచ్చినవాళ్లు ఏం చదువుతావమ్మా అంటే ఉన్నదున్నట్టు చెప్పండి. వెంటనే అబ్బాయిని ఏం చదువుతారని అడగండి. ఏమీ చదవనని నవ్వుతూ చెప్తే, మీ సంగతేమో గానీ, నాకైతే అప్పుడు వెన్నులో చలి పుడుతుంది.

శనివారం బస్సు పూతలపట్టు దాటకముందే ఆ తాయెత్తు వెతుక్కోండి. బ్యాగు అడుగున ఉండి ఉంటుంది, నల్లదారానికి చాక్‌పీసు పొడి అంటుకుని. దులిపి కట్టుకోండి. ఒంటి చేత్తో ముడి పడకపోతే ఊళ్లో దిగాక తమ్ముడితో వేయించుకోండి.